రెండో మాట

మా ఇళ్ళల్లో అభిప్రాయాలకు ఎప్పుడూ కరువు లేదు. ఆడమనిషికి నెలసరి నాలుగు రోజులు ఎక్కువైందంటే, డాక్టరు గడప తొక్కేలోపే పదిమంది సలహా అయిపోతుంది. మేనత్త వేడి చేసిందంటుంది, మెంతులు నానబెట్టి తాగమంటుంది. మెడికల్ షాపు అబ్బాయి ఎవరికని కూడా అడక్కుండా రక్తం ఆగే బిళ్ళలు కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆర్‌ఎంపీ ఒక ఇంజక్షను చేసి, టౌనులో తనకు తెలిసిన నర్సింగ్ హోముకు చీటీ రాస్తాడు. అందరికంటే పక్కింటావిడ మాటకు బలమెక్కువ, ఆవిడ అనుభవశాలి కాబట్టి. "నాకూ అచ్చం ఇలాగే అయ్యేదమ్మా, సంచి తీయించేసుకున్నాను, పీడా వదిలింది" అంటుంది. మనం ఎంతో నాజూగ్గా సెకండ్ ఒపీనియన్ అని పిలుచుకునేది, వరస లెక్కేస్తే పదకొండోదో పన్నెండోదో అవుతుంది.

ఇన్ని మాటల్లో రెండు మాత్రం వినపడవు. ఆపరేషన్ జరిగినా జరక్కపోయినా తనకు ఒరిగేదీ తరిగేదీ లేని డాక్టరు మాట ఒకటి. ఆ గర్భసంచి ఎవరిదో ఆ మనిషి మాట రెండోది.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి ఈ ప్రశ్న సూటిగా అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తర్వాతి సర్వేలో కూడా మనం అక్కడి నుంచి కిందికి దిగలేదు. ఆపరేషన్ నాటికి ఆ స్త్రీల వయసు దేశం మొత్తం మీద 34 ఏళ్ళ దగ్గర తేలింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి.

తెలుగు ఆడవాళ్ళ గర్భసంచులు మిగతా దేశం ఆడవాళ్ళ వాటికంటే బలహీనమైనవని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. కారణం వేరేచోట ఉంది, అది వైద్యం కంటే ముందే మొదలవుతుంది. మా ఊళ్ళల్లో పిల్లకు పద్దెనిమిది నిండీ నిండకుండానే పెళ్ళవుతుంది. ఇరవై రెండు, ఇరవై మూడు నాటికి ఇద్దరు పిల్లలు. ఆ వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. పాతికేళ్ళు దాటేసరికి ఇంట్లో వాళ్ళ లెక్క ప్రకారం గర్భసంచి పని అయిపోయింది. ఆ తర్వాత అది అటకెక్కించిన పాత కుట్టుమిషనే. కిర్రుమన్నా కదిలినా పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్యడం గురించే ఆలోచిస్తారు గానీ బాగుచేయించడం గురించి ఎవరూ ఆలోచించరు. "ఇంక దాంతో పనేముంది?" అనే ప్రశ్న నేను చదువుకున్న వాళ్ళ నోటా విన్నాను, చదువుకోని వాళ్ళ నోటా విన్నాను, తెల్లకోటు వేసుకున్న వాళ్ళ నోటా విన్నాను.

మా చెల్లెలి విషయంలో కూడా ఆ ప్రశ్నే వచ్చింది. దానికి నలభై ఒకటి. తెనాలి అవతల పల్లెటూరు. ఏడాదిగా నెలసరి వస్తే ఆగడం లేదు, గడ్డలు గడ్డలుగా పడుతోంది, మెట్లెక్కితే ఆయాసం. టౌనులో ఒక డాక్టరుకు చూపించుకున్నారు. స్కానింగ్ తీశారు. గర్భసంచి ఉబ్బింది, గడ్డ ఉంది, కుడివైపు నీటిబుడగ ఉంది, ఉంచితే క్యాన్సర్‌లోకి దిగొచ్చు, సోమవారం చేరిపోండి అన్నారు. అంతా కలిపి ఎంతవుతుందో కౌంటర్లో చెప్పేశారు. మా మరిది మంచివాడు, భయస్తుడు. క్యాన్సర్ అనే మాట చెవిన పడ్డాక ఇంకేదీ వినలేదు. నాకు ఫోన్ చేసి, "వదినా, సోమవారానికి వచ్చేస్తావుగా?" అన్నాడు.

ఆ సోమవారం అనే మాట దగ్గరే నాకు అనుమానం తగిలింది. ఆడవాళ్ళ జబ్బుల్లో గంటల మీద తేల్చుకోవాల్సినవి ఉన్నాయి, లేకపోలేదు. గర్భం సంచిలో కాక ట్యూబులో నిలిచి పగిలితే, అండాశయం మెలిపడితే, రక్తం ధారగా పోతూ మనిషి తూలిపోతుంటే, ఇంకో డాక్టరుని వెతుక్కుంటూ తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అలాంటప్పుడు దగ్గర్లో ఏది ఉంటే అందులోకి తీసుకెళ్ళాలి. కానీ ఏడాదిగా ఉన్న బాధకు శుక్రవారం చెప్పి సోమవారం కోయాల్సినంత తొందర ఎక్కడిది? నిజంగా క్యాన్సర్ అనుమానమే ఉంటే, కొయ్యకముందే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి కదా! ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మా జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ జీతం తీసుకునే డాక్టరుకు మా చెల్లెలి గర్భసంచి వల్ల వచ్చే అదనపు ఆదాయమేమీ లేదు. నేను చెప్పేది ప్రభుత్వాసుపత్రి గొప్పదని కాదు. పొద్దున్నే ఓపీ చీటీ కోసం నిలబడితే మన వంతు వచ్చేసరికి టిఫిన్ అరిగిపోయి భోజనం వేళ అవుతుంది. బాత్రూముల గురించి రాయకపోవడమే మర్యాద. అయినా ఆ గదిలో జరిగింది మాత్రం రాయాలి.

మరిది ఫైలు తెరిచి, "మేడమ్, వాళ్ళు ఆపరేషన్ చెయ్యాలన్నారండీ" అని మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "వాళ్ళేమన్నారో తర్వాత చూద్దాం. ఈమెకేమవుతోందో ముందు ఈమెను చెప్పనీండి." మరిది మళ్ళీ నోరు తెరవబోతే, "మీరు కాసేపు బయట కూర్చోండి బాబూ" అంది. అప్పటిదాకా డాక్టరు ఏమడిగినా దాని తరఫున మొగుడో, అత్తగారో, నేనో జవాబు చెప్పేవాళ్ళం. ఒక్కత్తే మాట్లాడాల్సి వచ్చేసరికి చెల్లెలు నా వంక చూసింది. నేను గోడకున్న క్యాలెండరు వంక చూశాను.

రోజుకు ఎన్ని ప్యాడ్లు? రాత్రి లేచి మార్చుకోవాలా? చీర దాకా వస్తుందా? గడ్డలు ఎంతెంత, రూపాయి బిళ్ళంతా, ఇంకా పెద్దవా? నెలసరికీ నెలసరికీ మధ్యలో కనపడుతుందా? నొప్పి ముందు వస్తుందా, ఆ రోజుల్లోనా? తెల్లబట్ట వాసన వస్తుందా, దురద ఉందా? ఆఖరున గొంతు తగ్గించి, "మీ ఆయనతో కలిసినప్పుడు ఎప్పుడైనా రక్తం కనపడిందా?" అని అడిగింది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ మీద అనుమానం వచ్చేది ఎక్కువగా ఈ ప్రశ్నకొచ్చే జవాబు వల్లే. మొగుడు పక్కన ఉంటే ఏ పల్లెటూరి ఆడదీ దీనికి నిజం చెప్పదు, పట్నం ఆడది కూడా చెప్పదేమో. కనపడలేదంది చెల్లెలు. ఆవిడ దాని కింది రెప్ప లాగి చూసి, "ఒంట్లో రక్తమేదమ్మా?" అంది.

ఆ తర్వాత పరీక్ష, పాప్ స్మియర్. రక్తం తీశారు. హిమోగ్లోబిన్ ఏడు చిల్లర. థైరాయిడ్ కూడా చూశారు, అది మందకొడిగా ఉన్నా రక్తస్రావం ఎక్కువవుతుందట. సన్నటి గొట్టంతో గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపారు. చెల్లెలు పళ్ళు బిగబట్టింది గానీ, పిల్లల నొప్పుల ముందు ఇదెంతలే అని బయటికొచ్చాక తేల్చేసింది.

అదంతా అయ్యాకే ఆవిడ పాత ఫైలు తీసింది. స్కానింగ్ రిపోర్టును వేలితో చూపిస్తూ ఒక్కో లైనూ తెలుగులో చెప్పింది. ఉబ్బినట్టు రాసిన గర్భసంచి ఇద్దరు పిల్లల్ని కన్నవాళ్ళకు ఉండే సైజుకు కొంచెం ఎక్కువ. గడ్డ అన్నది ఫైబ్రాయిడ్, మూడు సెంటీమీటర్లు. యాభై ఏళ్ళు వచ్చేలోపు సగానికి మించి ఆడవాళ్ళకు ఏదో ఒక సైజులో ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. అది క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. నీటిబుడగ, అండం విడుదలయ్యే క్రమంలో ప్రతి నెలా తయారయ్యే రకం కావచ్చు, రెండు నెలలు పోయాక మళ్ళీ స్కానింగ్ తీస్తే తెలుస్తుంది. రిపోర్టులో నల్లటి అక్షరాల్లో అచ్చయ్యేదంతా రోగం కాదు. కనపడింది కనపడినట్టు రాయడం స్కానింగ్ చేసినవాళ్ళ పని. బాధకు అందులోని ఏ ముక్కతో సంబంధం ఉందో తేల్చడం ఇంకొకరి పని. ఆ రెండో పని మొదటి ఆస్పత్రిలో జరగనేలేదు.

అప్పుడే ఆవిడ కళ్ళు ఫైల్లోని చివరి కాగితం మీద ఆగాయి. మొదటి డాక్టరు సోమవారం ఆపరేషన్‌కు రాసిచ్చిన చీటీ. ఇంగ్లీషులో రెండే ముక్కలు: టీఏహెచ్, దాని పక్కన ప్లస్ గుర్తు, బీఎస్ఓ. "ఇదేంటో చెప్పారా మీకు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. మొదటిది పొట్ట కోసి గర్భసంచి తీయడం. రెండోది రెండు అండాశయాలూ, ట్యూబులూ కూడా తీసెయ్యడం. చెల్లెలు తెల్లబోయింది. "సంచొక్కటే అన్నారండీ" అంది. అండాశయాలు తీసేస్తే ముట్లు మెల్లగా ఉడగవు, ఆ రాత్రికే ఆగిపోతాయి. నలభై ఒకటో ఏట ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. సంచి ఒక్కటి తీసి అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడిగే వయసు కొంత ముందుకు జరుగుతుంది. ఇంత సంగతి ఒక ప్లస్ గుర్తులో ఇమిడిపోయింది.

ఇంటికొచ్చాక నాకు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తొచ్చింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత రక్తస్రావం ఆగడం లేదని ఒక క్లినిక్‌కు వెళ్ళింది. లోపల ఏముందో గొట్టంతో చూడ్డానికని మత్తిచ్చారు. ఆమె మత్తులో ఉండగానే, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. కేసు తేలేసరికి 2008 వచ్చింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని, ప్రాణం మీదికి రానప్పుడు మత్తు దిగేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని, తల్లి సంతకం కూతురి అనుమతి కాదని కోర్టు చెప్పింది. నష్టపరిహారం మాత్రం 25,000 రూపాయలు! న్యాయసూత్రం ఎంత పెద్దదో పరిహారం అంత చిన్నది. అయినా మా ఊళ్ళో ఆపరేషన్ కాగితాల మీద ఇప్పటికీ ముందు సంతకం మొగుడిదే.

ఈ మధ్య రోగుల హక్కుల గురించి మాట్లాడేవాళ్ళు పెరిగారు, సంతోషమే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్ కూడా ఒక హక్కు. మన కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద 2013లో ఒక డాక్టరే సుప్రీంకోర్టుకు వెళితే, 2023 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. కేంద్రం రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమల్లోకి తేవాలంది. మన దగ్గరైతే ఆ గొడవ అంతకంటే పాతది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, చివరికి ప్రభుత్వమే వాటిని ఆ పథకం కింద ప్రైవేటు ఆస్పత్రులకు ఆపేసి, ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చెయ్యాల్సి వచ్చింది. హైదరాబాద్ డాక్టర్ దంపతులు కామేశ్వరి, వింజమూరి సూర్యప్రకాశ్ లాంటివాళ్ళు పల్లెల్లో తిరిగి, సంచి పోయిన ఆడవాళ్ళ బాధలు రాసి, మైకు దొరికిన ప్రతి చోటా మాట్లాడారు. సంచులు పోగొట్టుకున్నవాళ్ళకు ఇవేవీ తెలియవు. హక్కుల పత్రం గోడకు అంటించి ఉన్నా, ఫైలు ఇమ్మని అడగడానికి నోరు రాదు. "డాక్టరుగారేమన్నా అనుకుంటారేమో!" అదొక్కటే భయం.

అనుకుంటే అనుకోనీండి అని నేననను, ఎందుకంటే మళ్ళీ అవసరమొస్తే ఆ ఊళ్ళో ఉన్నది ఆ డాక్టరే. "మావాళ్ళు పెద్దాసుపత్రిలో కూడా ఒకసారి చూపించమంటున్నారండీ, కాగితాలు ఇప్పిస్తారా?" అంటే సరిపోతుంది. లేని పెద్దల మీదికి తోసెయ్యడం మనకు కొత్తేమీ కాదు, పెళ్ళి సంబంధాలు తప్పించుకోడానికి ఎప్పటి నుంచో వాడుతున్న ఉపాయమే. మంచి డాక్టరైతే తనే రిపోర్టులన్నీ కవర్లో పెట్టి ఇస్తాడు. మొహం మాడ్చుకుంటే, అది కూడా మనకు పనికొచ్చే సమాచారమే.

ఇదంతా డాక్టర్ల దుర్మార్గమని తేల్చేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ నిజం కాదు. మా చెల్లెల్ని చూసిన డాక్టరమ్మే అంది, "మేం మందులతో చూద్దామంటే చాలామందికి నచ్చదమ్మా, తీసెయ్యమని వాళ్ళే అడుగుతారు" అని. ఆలోచిస్తే వాళ్ళ తప్పేముంది? మోకాటి లోతు బురదలో పొద్దుటి నుంచి నాట్లు వేసే మనిషికి, పొలంలో మరుగు లేని చోట, గంట గంటకూ గుడ్డ మార్చుకోవడం ఎలా? మూడు నెలలు బిళ్ళలు మింగి చూడు, మళ్ళీ స్కానింగ్‌కు రా అంటే, ప్రతి రాకకూ ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు పోతాయి. అలాంటిదానికి ఒక్కసారితో తెగిపోయే ఆపరేషన్ లాభసాటిగా కనపడుతుంది. అన్నీ తెలుసుకుని, అండాశయాల సంగతి కూడా తెలుసుకుని, ఆమె అదే కోరుకుంటే కాదనడానికి నేనెవరిని? ఆ 'తెలుసుకుని' అన్న చోటే బండి ఆగిపోతోంది.

రెండో డాక్టరు ఎప్పుడూ వద్దనే అంటారని ఒక నమ్మకం కూడా బయల్దేరింది, అదీ ప్రమాదమే. మా స్కూల్లో నాతో పనిచేసిన టీచరుకు ముట్లు ఆగిపోయిన నాలుగేళ్ళకు రెండు చుక్కల రక్తం కనపడింది. చూసిన డాక్టరు వయసు ప్రభావం, నీరసం అని బలం మందులు రాశారు. ఆవిడా హమ్మయ్య అనుకుంది, మనకు నచ్చిన మాట చెప్పిన డాక్టరు మీద మనకెందుకు అనుమానమొస్తుంది? మళ్ళీ కనపడితే కూతురు పట్టుబట్టి ఇంకోచోటికి తీసుకెళ్ళింది. ముట్లుడిగినవాళ్ళలో లోపలి పొర నాలుగు మిల్లీమీటర్లు దాటకపోతే క్యాన్సర్ భయం చాలా తక్కువట, ఈవిడకు దానికి రెట్టింపు పైన ఉంది. ముక్క పరీక్షలో క్యాన్సర్ తేలింది, మొదటి దశలోనే. గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు, తీయాల్సిందే. ఇప్పుడు మనవడితో అరుస్తూ బాగానే ఉంది. ముట్లుడిగాక రక్తం కనపడిన ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి లోపల క్యాన్సర్ ఉంటుంది. తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు, కానీ మనం ఆ తొమ్మిదిమందిలో ఉన్నామో లేదో చూడకుండా తెలిసే మార్గం లేదు. ఏమీ లేదని చెప్పినప్పుడే రెండో మాట ఎక్కువ అవసరమని నాకనిపిస్తుంది. భయపెట్టినవాళ్ళ నుంచి ఎలాగైనా లేచి పారిపోతాం, ఊరడించినవాళ్ళ దగ్గరే కూర్చుండిపోతాం.

చెల్లెలి ముక్క పరీక్షలో చెడేమీ రాలేదు. ఐరన్ ఇంజక్షన్లు ఎక్కించారు. నెలసరి రోజుల్లో వేసుకోవడానికి బిళ్ళలు రాశారు. తర్వాత హార్మోను లూప్ వేశారు. అది పిల్లలు పుట్టకుండా వేసే పాత రాగి లూప్ లాంటిది కాదు, లోపలి పొరను పల్చబరుస్తుంది, కొన్నేళ్ళు పనిచేస్తుంది. మొదట్లో కొన్ని నెలలు చుక్క చుక్కగా కనపడుతూనే ఉంటే చెల్లెలు విసుక్కుంది, తీయించేస్తానంది, నాతో రెండుసార్లు దెబ్బలాడింది కూడా. అత్తగారైతే "కడుపులో ప్లాస్టిక్ ముక్క పెట్టుకుని తిరిగే బదులు ఆ సంచేదో తీయించేసుకుంటే పోయేదిగా" అని ఇప్పటికీ అంటుంది. నీటిబుడగ రెండో స్కానింగ్‌లో కనపడలేదు. గడ్డ మాత్రం ఉంది, ఎక్కడికీ పోలేదు. అది పెరగనూ వచ్చు, ముట్లుడిగితే తనంతట తనే కుంచించుకుపోనూ వచ్చు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ చూపించుకోవాలి.

మొన్న ఫోన్‌లో, పెరిగితే ఏం చేస్తావే అని అడిగాను. "తీయాల్సొస్తే తీయించుకుంటానక్కా, నాకేం భయం" అంది. కాసేపాగి, "ఆ బీఎస్ఓ మాత్రం నన్నడక్కుండా రాయడానికి వీల్లేదు, ముందే చెప్పేస్తాను. సంతకం కూడా నేనే పెడతాను, ఆయన్ని బయటే కూర్చోమంటాను" అంది. వెనకాల మరిది, "నేనేం చేశానే మధ్యలో?" అంటున్నాడు.